ఇల్లయ్య చెట్టెక్కితే మా తమ్ముడికి తెలిసేది

ఇలాంటి సంగతులు ఎవరైనా చెప్పడం మొదలుపెడితే, టీ పెట్టే నెపంతో లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. దయ్యాలు, పూనకాలు, చనిపోయినవాళ్ళు కలలోకి వచ్చి చెప్పడాలు ఏవీ ఎన్నడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మడం లేదు. ఇక్కడ రాయబోయేది దయ్యం గురించి కాదు కూడా. బతికి ఉన్న ఇద్దరు మనుషుల గురించి, వాళ్ళ కాళ్ళ గురించి. ఇద్దరిలో ఒకడు మా తమ్ముడు సాంబయ్య. వాడిప్పుడు లేడు.

నేను వరంగల్‌లో ఒక వైద్య కళాశాల గ్రంథాలయంలో పనిచేస్తాను. పుస్తకాలు ఇవ్వడం, తీసుకోవడం, పాత సంపుటాలకు అట్టలు వేయించడం నా పని. తీరిక దొరికితే చదువుతాను. వైద్యం చదువుకోలేదు గానీ, ఇన్నేళ్ళుగా ఆ పుస్తకాల మధ్య కూర్చోవడం వల్ల దేనికైనా ఆధారం అడగడం అలవాటైంది.

మాది గీత కార్మికుల కుటుంబం. ఊరు నెక్కొండ దగ్గర. మా నాయన తాళ్ళెక్కి, అంటే కల్లు తీసే తాటిచెట్లెక్కి, నన్ను చదివించాడు. తమ్ముడు నాకంటే బాగా చిన్న. బడి వాడికి పట్టలేదు, చెట్టు పట్టింది. నడుముకు, చెట్టుకు కలిపి చుట్టుకునే లావుపాటి తాడును మోకు అంటారు. రెండు పాదాలకు కలిపి వేసుకునే తాడు వలయం గుజి. ఆ రెండింటి మీదే మనిషి ప్రాణం ఉంటుంది. మా వాడు ఎక్కుతుంటే కింద నిలబడి చూసేవాళ్ళకు అది కష్టమైన పనిలా కనిపించేది కాదు.

జనవరిలో ఒక పొద్దున, మంచుకు తడిసిన చెట్టు మీంచి పడ్డాడు. బావి పక్కది కాబట్టి మేం బాయికాడి తాడు అని పిలిచే తాటిచెట్టు అది. పక్క చెట్టు మీద వాడి బామ్మర్ది ఇల్లయ్య ఉన్నాడు. దిగి పరుగెత్తుకొచ్చాడు.

మా వాళ్ళలో ఒక అలవాటుంది. చెట్టు మీంచి పడ్డవాడు ప్రాణంతో ఉంటే, అక్కణ్ణుంచి కదిలించేముందు వాణ్ణి లేపి నిలబెట్టి, ఆ చెట్టునే రెండు చేతులతో ముట్టిస్తారు. ముట్టించకుండా తీసుకుపోతే మనిషి మళ్ళీ చెట్టెక్కలేడంటారు. మా నాయనను కూడా ఒకసారి అట్లా ముట్టించారు. ఆయనకు కాలు బెణికింది, అంతే.

ఇల్లయ్య, ఇంకో ఇద్దరు కలిసి సాంబయ్యను చంకల కింద చేతులు వేసి లేపారు. నిలబెట్టారు. వాడి అరచేతులు చెట్టుకు ఆనించారు. తర్వాత ఆటోలో కూర్చోబెట్టి నెక్కొండకు, అక్కణ్ణుంచి వరంగల్‌కు తెచ్చారు.

ఆ రోజే ఆపరేషన్ చేశారు. విరిగిన పూసలను రాడ్లు, స్క్రూలు వేసి నిలబెట్టారు. బయటికొచ్చాక సర్జన్ గారు నన్ను ఒక పక్కకు పిలిచారు. గ్రంథాలయంలో నన్ను చూసి ఉన్నారు, అందుకే మాటలు మెత్తబరచలేదు. "ఎముకను నిలబెట్టగలిగామమ్మా. లోపలి వెన్నుపామును కాదు. బొడ్డు కింద స్పర్శ లేదు, కదలిక లేదు. ఆశ వదులుకోమని నేను అనను. కానీ నేను మాత్రం పెట్టుకోవడం లేదు" అన్నారు.

ఆ తర్వాతి వారాల్లో నేను చదివినంత నా జన్మలో చదవలేదు. మెదడు, వెన్నెముక శస్త్రచికిత్సల చరిత్ర మొత్తం నా బల్లకు ఎదురుగా ఉన్న బీరువాలోనే ఉంది. అన్నాళ్ళూ దుమ్ము దులిపాను తప్ప తెరవలేదు. ఇప్పుడు ఎక్కడైనా ఒక్క దారి దొరుకుతుందేమోనని వెనక నుంచి ముందుకు, ముందు నుంచి వెనక్కు చదివాను.

వేల ఏళ్ళ కిందటి ఈజిప్టు వైద్యుడు, మెడ విరిగి తన కాళ్ళూ చేతులూ తనకు తెలియని మనిషి గురించి రాసి, ఇది చికిత్స చేయదగిన జబ్బు కాదని తేల్చాడు. రెండు వందల ఏళ్ళ కిందట వెన్నెముకను కోసి తెరవవచ్చా, అది వైద్యమా లేక హింసా అని పెద్ద పెద్ద సర్జన్లు తగువులాడుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధం దాకా ఇలాంటివాళ్ళలో ఎక్కువమంది వీపు పుండ్లతోనో, మూత్రం విషమించో పోయేవారు. రోగిని గంటగంటకూ పక్కకు తిప్పాలన్న చిన్న సంగతి వాళ్ళను బతికించింది. తెగిన వెన్నుపామును అతికించడం మాత్రం ఎవరికీ చేతకాలేదు.

ఒకచోట మాత్రం ఆగిపోయాను. వెన్నుపాములో తెగిన నరం కొసలు కొన్నాళ్ళు మొలకెత్తుతాయట. చిన్న చిన్న పిలకలు వేసి, అవతలి కొస కోసం కొంత దూరం పోయి, అక్కడ ఆగిపోయి ఎండిపోతాయట. సూక్ష్మదర్శినిలో చూసి బొమ్మలు గీశారు. ఆ బొమ్మలను నేను చాలాసేపు చూశాను.

ఎవరినైనా ఎలా మోయాలన్నది కూడా ఆ చరిత్రలో ఉంది. పడ్డ మనిషిని కూర్చోబెట్టకూడదు, నిలబెట్టకూడదు, పలక మీద పడుకోబెట్టి కదలకుండా తేవాలి. విరిగిన పూస కదిలితే అప్పటిదాకా తెగనిది తెగవచ్చు. ఆ పేజీ చదివిన మర్నాడే ఇల్లయ్య దవాఖానకు వచ్చాడు. నన్ను మెట్ల దగ్గరికి పిలిచి, గోడ వైపు చూస్తూ అడిగాడు.

"వదినె, మేం లేపకముందు బావ కాలు ఆడించిండు. బురదల మడిమె రాసుకున్నది, నేను సూసిన. లేపినంక ఆడలే. మేం ముట్టిచ్చినందుకేనా?"

"పడ్డప్పుడే తెగింది" అన్నాను. "డాక్టర్ చెప్పిండు."

డాక్టర్ అలా చెప్పలేదు. నా మాట ఇల్లయ్య నమ్మలేదు. ఆ రోజు నుంచి తన చెట్లతో పాటు సాంబయ్య చెట్లు కూడా పొద్దునా సాయంత్రం వాడే ఎక్కాడు. ఆ కల్లు అమ్మిన పైకం తన అక్కకు, మా మరదలు సరితకు, పంపేవాడు.

దవాఖాన నుంచి సాంబయ్యను వరంగల్ కాశిబుగ్గలో నేనుండే ఇంటికి తెచ్చాం. ఫిజియోథెరపీకి దగ్గరని. సరిత కూడా నాతోనే ఉంది. వాళ్ళ పాప ఊళ్ళో అమ్మమ్మ దగ్గర ఉండి బడికి పోయేది.

ఒక మధ్యాహ్నం నేను కాలేజీ నుంచి వచ్చేసరికి సరిత వాకిట్లోనే ఎదురొచ్చింది. ఏడుస్తూ నవ్వుతోంది. "వదినె, కాళ్ళు కదిలినయ్! దుప్పటి ఎగిరింది. నేను సూసిన, నా కండ్లతోని సూసిన!"

నాకు లోపలికి వెళ్ళబుద్ధి కాలేదు. అదేమిటో నాకు తెలుసు. తల తీసేసిన కప్ప కాలు మీద ఆమ్లం వేస్తే రెండో కాలితో తుడుచుకుంటుందని పాత పుస్తకాల్లో ఉంది. మెదడుతో పని లేకుండా వెన్నుపాము తనంతట తానే కాళ్ళను ఆడిస్తుంది. గాయం తగిలిన కొన్ని వారాలకు పక్షవాతపు కాళ్ళు అలా ఎగిరిపడతాయి. అది నయం కావడం కాదు. పైనుంచి అడిగేవాడు లేకపోవడం.

సరితకు ఆ రోజు చెప్పలేకపోయాను. మర్నాడు ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది. సాంబయ్యే అన్నాడు, "నాకెర్కనే. అవి ఎగిరినప్పుడు నాకు సోయి లేదు. కుక్కతోక తీర్గ ఆడుతయ్. నాయి గావు."

ఇది గుర్తుపెట్టుకోవాలి. కాళ్ళు కదిలినప్పుడు అవి తనవి కావని వాడే చెప్పాడు. లేని ఆశ పెట్టుకునే మనిషి కాదు.

తర్వాత కొన్ని రోజులకు, పొద్దున సరిత జావ తాగిస్తుండగా గిన్నె పక్కకు నెట్టి నన్ను పిలిచాడు. "అక్కా, ఇటు రా. నా కాళ్ళకు ఎవరో గుజి ఏసిండ్రు."

దుప్పటి తీసి చూశాను. పాదాలు ఎప్పటిలాగే పక్కకు వాలి ఉన్నాయి. కదలిక లేదు.

"ఏం లేదురా."

"ఉన్నది. బిగిసింది. గిప్పుడు ఎక్కుతాన." కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి మొహం చిట్లించాడు. "కాదు. ఇది నా ఎక్కుడు గాదు. రెండు గుంజులకోసారి ఆగుతాంది. ఎడమ పాదం బయటికి తిరుగుతాంది. ఇల్లిగాడు! అక్కా, ఇల్లిగాడు ఎక్కుతాండు."

సరిత ఫోన్ చేసింది. ఎత్తలేదు. చాలాసేపటికి ఇల్లయ్యే చేశాడు, ఇప్పుడే దిగానని. సాంబయ్య ఫోన్ లాక్కున్నాడు.

"గిదేం ఎక్కుడురా? బర్రె గట్టెక్కినట్టు. ఎడమకాలు సక్కగ పెట్టు."

అవతలి నుంచి ఇల్లయ్య, "పండుకుని పంచాయితి జెప్తానవా బావా" అన్నాడు. సరిత పడి పడి నవ్వింది. జనవరి తర్వాత ఆ ఇంట్లో ఏడుపు కలవని నవ్వు అదే మొదటిది.

నాకు ఆశ్చర్యం కలగలేదు. దానికి కూడా చరిత్రలో వివరణ ఉంది. యుద్ధాల్లో కాళ్ళు తీసేసినవాళ్ళకు లేని కాలి వేళ్ళు నొప్పి పెట్టేవి. మెలకువగా ఉన్న రోగి మెదడును సర్జన్ సన్నటి విద్యుత్తుతో ముట్టుకుంటే, ఒక చోట ముట్టినప్పుడు రోగి "నా పాదం జివ్వుమంటోంది" అనేవాడు. పాదానికి మెదడులో ఒక స్థలం ఉంటుంది. పాదం పోయినా ఆ స్థలం పోదు. ఇరవై ఏళ్ళు పొద్దునా సాయంత్రం ఒకే వేళకు చెట్టెక్కిన మనిషి, ఆ వేళకు ఎక్కినట్టు అనుకోవడంలో వింతేముంది? బామ్మర్ది ఎలా ఎక్కుతాడో వాడికి తెలుసు. తనకు బదులు ఎక్కుతున్నాడనీ తెలుసు. మిగతాది మెదడు అల్లుకుంటుంది.

కానీ అది రోజూ జరిగింది. నడుము కింద ఏమీ తెలియని మనిషి రెండు పూటలా చెట్టెక్కి దిగుతున్నాడు. ఆ వేళకు మొహం కడిగించుకునేవాడు. తిండి తినడం మొదలుపెట్టాడు. ఏ చెట్టో కూడా చెప్పేవాడు. వంకరతాడు అయితే ఒక పాదం మీద బరువు ఎక్కువట. జంటతాళ్ళలో ఒకదాని పట్టు గరుకట. బాయికాడి తాడు అయితే మాట్లాడేవాడు కాదు.

ఒక్కటి నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. ఒక పొద్దున "ఇయ్యాల ఎక్కలే. ఏమైందో అడుగు" అన్నాడు. ఇల్లయ్యకు జ్వరం. మాకెవరికీ తెలియదు.

అప్పుడు నేను పరీక్ష పెట్టాను. ఎలా పెట్టాలో పుస్తకాలు నేర్పాయి. అడిగేవాళ్ళకు జవాబు తెలియకూడదు. తెలిస్తే మొహం చూసి రోగి కనిపెట్టేస్తాడు. ఇల్లయ్యకు నేను ఒకటే చెప్పాను: నీ ఇష్టం వచ్చిన వేళకు, సాంబయ్య చెట్లలో నీ ఇష్టం వచ్చినది ఎక్కు, నాకు చెప్పకు, సరితకు చెప్పకు, రాత్రి నేను ఫోన్ చేసి అడుగుతాను. సాంబయ్య దగ్గర ఫోన్ ఉంచలేదు.

ఇల్లయ్య నవ్వాడు. "వదినె, నీకు లైబ్రరీల పని లేదా?" అన్నాడు. కానీ చేశాడు. మిట్టమధ్యాహ్నం ఎక్కాడు. సగం ఎక్కి దిగాడు. ఒకరోజు కింద నిలబడి గుజి వేసుకుని, ఎక్కకుండా విప్పేశాడు. సాంబయ్య ఆ రోజు, "కట్టిండు, ఇప్పిండు. పిచ్చోని తీర్గ, పిస లేసిందా ఈనికి?" అన్నాడు.

తప్పు వస్తుందని చాలా రోజులు చూశాను. రావాలని కోరుకున్నాను కూడా. రాలేదు.

ఇది చదివి నేను భయపడ్డానని అనుకుంటారేమో. లేదు. ఆశపడ్డాను. వెన్నుపాము పూర్తిగా తెగలేదేమో, ఏదో ఒక పిలక అవతలి కొసను అందుకుందేమో, దాన్ని పట్టుకుని ఎవరైనా ఏదైనా చేయగలరేమో అని. అంత చదివిన మనిషిని, ఆ పిలకకూ ఇల్లయ్య ఎక్కడానికీ సంబంధం లేదని కూడా ఆలోచించలేదు. ఊళ్ళో ఎక్కుతున్న కాళ్ళు మా వాడివి కావు కదా అని నాకే తట్టలేదు.

సర్జన్ గారి దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన నేను చెప్పింది మొత్తం విన్నారు. సాంబయ్య కళ్ళకు గుడ్డ కట్టి, పాదాల మీద సూదితో గుచ్చారు. వాడికి ఏమీ తెలియలేదు. గట్టిగా గుచ్చారు. రక్తం చుక్క వచ్చింది. "గుచ్చుడు మొదలువెట్టుండ్రి సారూ" అన్నాడు మా వాడు. కొత్తగా స్కాన్ తీయించారు. తెగిన చోట ఎడం కనిపించింది. నాకూ చూపించారు.

"ఇక్కడ దారి లేదమ్మా" అన్నారు.

బయటికి వస్తుంటే మళ్ళీ పిలిచారు. "ఆ రెండో అతణ్ణి అడిగారా?"

"ఏమని?"

"ఎక్కేటప్పుడు అతనికి ఎలా ఉంటుందని."

అడగలేదు. ఇల్లయ్యను ఎప్పుడెక్కావు, ఎక్కడెక్కావు అనే అడిగాను. వాడి గురించి అడగలేదు.

అడిగేలోపే ఇంకొకటి జరిగింది. మర్నాడు సాయంత్రం, నేను కూరగాయలు తరుగుతున్నాను. సాంబయ్య ఒక్కసారి కేక పెట్టాడు. "ఎడమకాలు గుజి జారింది! ఆగుమను! పైకి పోతాండు సూడు, ఆగుమను!"

సరిత ఫోన్ చేసింది. మోగుతూనే ఉంది. ఇల్లయ్య ఫోన్ అంగీ జేబులో ఉంటుంది, అంగీ చెట్టు కింద ఉంటుంది. అది మాకు తెలుసు. అయినా మళ్ళీ మళ్ళీ చేసింది. సాంబయ్య మంచం పట్టె పట్టుకుని, చెమటలు కారుతూ, "కుడికాలు ఆనుకో. చేతులు వదలకు. కిందికి సూడు, కిందికి సూడురా" అంటూనే ఉన్నాడు. ఇరవై మైళ్ళ అవతల ఉన్నవాడికి.

ఇల్లయ్య ఫోన్ చేసేసరికి చీకటి పడుతోంది. మోకు మీద వేలాడి, చేతులతోనే జారుతూ దిగానన్నాడు. రొమ్ము అంతా గీరుకుపోయింది.

ఆదివారం పొద్దున రైలెక్కి నెక్కొండలో దిగి ఊరికి పోయాను. ఇల్లయ్య తాళ్ళ దగ్గరే ఉన్నాడు. రొమ్ముకు పసుపు రాసుకున్నాడు. నేనడగగానే తల దించుకున్నాడు.

"గుజి జారితే తెలువలేదా ఇల్లయ్యా?"

"తెలువలే."

"పాదానికి ఉన్నది జారితే ఎట్ల తెలువదు?"

కింద కూర్చుని మట్టి మీద వేళ్ళతో గీస్తూ చెప్పాడు.

"బావ చెట్లు ఎక్కినప్పుడు నాకు కాళ్ళు తెలుస్తలెవ్వు వదినె. గుజి ఏసుకునేదాక ఉంటయ్. గుజి బిగించినంక ఉండయ్. నడుం కాడికే నేను. కింద సూస్తె కాళ్ళు వాటంతట అయ్యే ఎక్కుతుంటయ్. దిగి నేల మీద పెట్టంగనె మల్ల వస్తయ్."

"నీ చెట్లెక్కినప్పుడు?"

"నా చెట్ల మీద మంచిగనె ఉంటది."

"ఎప్పట్నుంచి?"

"బావ ఫోన్‌ల నన్ను బర్రె అన్న దినం సంది."

నేనూ కింద కూర్చున్నాను. పరీక్ష పేరుతో నేనే వాణ్ణి ఎక్కించాను, మిట్టమధ్యాహ్నం, సగం దాకా, పై దాకా. ఆ మాట పైకి అన్నాను. వాడు తల అడ్డంగా ఊపాడు.

"నువ్వు చెప్పినా చెప్పకున్నా ఎక్కుదును. బావ తింటాండంట గదా. నవ్వుతాండని సరితక్క చెప్పింది. నేనాపితె ఆయనకేం మిగుల్తది? లేపింది నేనే వదినె. నువ్వెన్ని చెప్పినా లేపింది నేనే."

"పడి సస్తవు ఇల్లయ్యా."

"జర పైలంగ ఎక్కుత. కిందికి సూసుకుంట ఎక్కుత. ఫికర్ చెయ్యకు."

తిరుగు రైలులో కిటికీ దగ్గర కూర్చుని ఆలోచించాను. చెబితే మా తమ్ముడికి మిగిలిన ఆ రెండు పూటలు పోతాయి. చెప్పకపోతే ఇల్లయ్య ఏదో ఒకరోజు పడతాడు. ఒకరి పాదాల స్పర్శ ఇంకొకరికి ఎలా పోతుందో నాకు తెలియదు. ఏ పుస్తకంలోనూ లేదు. కానీ ఆ ఇద్దరి మధ్య ఒక్క జతే ఉందని, అది వీడి దగ్గర ఉన్నంతసేపూ వాడి దగ్గర ఉండదని మాత్రం తెలిసింది. తెలిసింది అనకూడదు. అట్లా జరిగింది.

ఇంటికి వెళ్ళగానే చెప్పాను. మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. సాంబయ్య పైకప్పు వైపు చూస్తూ విన్నాడు. సరిత తలుపు దగ్గర నిలబడి, "కాళ్ళు ఆ చెట్లమీద్నే ఉండిపోయినయ్ వదినె. ఎవరెక్కితే వాళ్ళకు అడ్డమొస్తానయ్" అంది. నేనామెను కసిరాను. అంతకంటే మంచి వివరణ నా దగ్గర కూడా లేదు.

ఆ మధ్యాహ్నం వాడు అన్నం ముట్టలేదు. సాయంత్రం ఇల్లయ్య ఎక్కినట్టున్నాడు, వాడి మొహంలో కనిపించింది. పళ్ళు బిగించి పడుకున్నాడు. దిగాక, "ఈణ్ణి రేపు రమ్మను" అన్నాడు.

ఇల్లయ్య వచ్చాడు. మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ఇద్దరూ పాప చదువు గురించి, ఎండల గురించి మాట్లాడారు. సాంబయ్య హఠాత్తుగా అన్నాడు.

"నా చెట్లు గీత సంఘానికి ఇచ్చెయ్. ఎవలన్న వేరేటోళ్ళు గీసుకుంటరు. నువ్వెక్కకు."

"నేనెందుకు ఇస్త? నువ్వు లేసినంక..."

"నేను లెవ్వ. నువ్వు గూడ లెవ్వకుంట అయితవ్. ఇద్దరం పండుకుంటె మీ అక్క ఎవలికని జావ తాపుతది?"

ఇల్లయ్య ఏడ్చాడు. పెద్ద మనిషి, నోరు తెరిచి ఏడ్చాడు. లేపింది నేనే బావా, కాలు ఆడుతుండంగ లేపిన అన్నాడు. అన్నాళ్ళూ మేం వాడికి చెప్పకుండా దాచిన మాట అది.

సాంబయ్య చాలా మామూలుగా అన్నాడు. "నేనే గదా లేపుమన్నది. ముట్టియ్యరా అని అడిగింది నేనే. నీకు యాదికి లేదు."

ఇల్లయ్య నా వైపు చూశాడు. అలా అడిగినట్టు అతనికి గుర్తులేదు. అక్కడున్న మిగతా ఇద్దరికీ గుర్తులేదు, తర్వాత నేనడిగాను. మా తమ్ముడు నిజమే చెప్పాడో, ఇల్లయ్య మోస్తున్న బరువు దించడానికి చెప్పాడో నాకు తెలియదు.

"ఒక్కసారి ఎక్కు" అన్నాడు చివరికి. "రేపు పొద్దుగాల. బాయికాడి తాడు. చివరిది. తొందర పడకు. కిందికి సూసుకుంట ఎక్కు. దిగినంక నేను ఫోన్ చేస్త."

వద్దని నేను అన్నాను. వాళ్ళిద్దరూ నా మాట వినలేదు. వినకపోవడమే మంచిదేమో, ఇప్పటికీ తేల్చుకోలేదు.

మర్నాడు పొద్దున సరితను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆ చెట్టెక్కేటప్పుడు ఎప్పుడూ మాట్లాడనివాడు, ఆ రోజు మాట్లాడాడు. గుజి బిగిసింది. ఎక్కుతాండు. నడిమికి వచ్చింది. ఇక్కడ కొంచెం సన్నబడ్తది. పైకొచ్చిండు. తర్వాత ఆపేశాడు. పైన గాలి ఎలా ఉంటుందో చెప్తాడేమో అనుకున్నాను. కాళ్ళకు గాలి తగుల్తాంది అన్నాడు, అంతే.

దిగడం మొదలైంది. వాడి వేళ్ళు సరిత చేతిని నొక్కుతున్నాయి. జనవరిలో వాడు ఆ చెట్టు ఎక్కాడు గానీ దిగలేదు. అది మాకందరికీ గుర్తుంది.

"దిగిన" అన్నాడు. తర్వాత కళ్ళు తెరిచి, "నేల సల్లగున్నది అక్కా" అన్నాడు.

మే నెల. అప్పటికే పొద్దున ఏడు దాటింది, ఆ వేళకే మట్టి కాలుతుంది. నేను ఆ మాట పట్టించుకోలేదు, ఏదో అన్నాడనుకున్నాను. ఫోన్‌లో ఇల్లయ్య చెప్పాడు: పైనుంచి దించిన కల్లు కుండను, లొట్టిని, అమ్మడానికి తేబుద్ధి కాలేదట. దిగుతూ గీత కార్మికుల దేవుడు కాటమయ్యను తలుచుకుని, నేల మీద కాలు పెట్టకముందే చెట్టు మొదట్లో ఒంపేశాడట. పాదాలు ఆ తడిలోనే పెట్టాడట. పెట్టగానే తన కాళ్ళు తనకు వచ్చాయట.

ఎలా ఉందని అడిగాను.

"సల్లగ" అన్నాడు.

ఆ చెట్లు సంఘానికి ఇచ్చేశారు. వేరేవాళ్ళు గీశారు. వాళ్ళకెవరికీ ఏమీ కాలేదు. సాంబయ్యకు మళ్ళీ ఏమీ తెలియలేదు. మొదటి కొన్ని రోజులు ఆ వేళకు కళ్ళు మూసుకుని ఎదురు చూసేవాడు. తర్వాత మానేశాడు. తిండి తగ్గింది. గంటగంటకూ పక్కకు తిప్పాం. అయినా నడుము దగ్గర పుండు పడింది. జ్వరం వచ్చింది. వానలు మొదలైన వారంలో దవాఖానలో పోయాడు. చరిత్ర పుస్తకాల్లో వాళ్ళు ఎలా పోయేవారో అలాగే పోయాడు. ఏ మందూ, ఏ పరిశోధనా నా తమ్ముడి దాకా రాలేదు.

తర్వాత సర్జన్ గారు ఒకసారి గ్రంథాలయానికి వచ్చారు. ఇల్లయ్య చెప్పింది ఆయనకు చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "నాకు తెలియదమ్మా" అన్నారు. అద్దాలు పెట్టుకుని, "ఎవరికైనా తెలుసని కూడా అనుకోను" అన్నారు.

నాకు తోచిన వివరణలన్నీ వరసగా ఆలోచించాను. అలవాటైన వేళలు. ఒకరినొకరు ఎరిగిన ఇద్దరు మనుషులు. తప్పు చేశానన్న భారంతో తన కాళ్ళను తానే మరిచిన ఇల్లయ్య. ఆశతో సరిగా పరీక్ష పెట్టలేకపోయిన నేను. ప్రతిదీ కొంత దూరం వస్తుంది, ఆ తర్వాత ఆగిపోతుంది. ఆ తడి నేల దాకా ఏదీ రావడం లేదు. నేను రాసినదంతా జరిగింది. ఎలా జరిగిందో చెప్పలేను.

ఇల్లయ్య ఇప్పటికీ తన చెట్లెక్కుతున్నాడు. పోయిన నెల ఊరికి వెళ్ళినప్పుడు దూరం నుంచి చూశాను. గుజి వేసుకుని, ఎక్కేముందు వంగి, రెండు పాదాలనూ గోళ్ళతో గట్టిగా గిల్లుకున్నాడు. నొప్పి పుట్టినట్టుంది. అప్పుడు ఎక్కాడు.